టక్‌మనే ఆ చప్పుడు ఎప్పుడు వస్తోందో ముందు వినాలి

కంప్యూటర్‌లో పాట నడుస్తుంటే మధ్యలో టక్‌మని చిన్న చప్పుడు. కాసేపటికి మరొకటి. ఒక్కోసారి పోపులో ఆవాలు చిటపటలాడినట్టు వరసగా నాలుగైదు. ఇలా మొదలవగానే చాలామంది స్పీకర్లు మార్చి చూస్తారు, లేదా సౌండ్ డ్రైవర్ (సౌండ్ కార్డును నడిపే ప్రోగ్రాము) తీసేసి మళ్లీ వేస్తారు. అప్పటికీ పోకపోతే విండోస్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయిస్తారు. వీటిలో ఏదో ఒకటి పనిచేసినా ఎందుకు పనిచేసిందో తెలియదు. అందుకే రెండు వారాల తర్వాత ఆ చప్పుడు తిరిగి వస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఏ సెట్టింగూ ముట్టుకునే ముందు ఒక పది నిమిషాలు ఊరికే వినడం మంచిది. చప్పుడు ఎంత గట్టిగా ఉందన్నదాని కంటే ఎప్పుడెప్పుడు వస్తోందన్నది చాలా ఎక్కువ చెబుతుంది. పాట మొదలైన క్షణంలోనా? కచ్చితంగా ఇన్ని నిమిషాలకోసారి అన్నట్టా? చార్జర్ పెట్టినప్పుడా, తీసినప్పుడా? పాటలో గట్టిగా వాయించే చోటనా? లేక ఏ లెక్కా లేకుండానా? ఒక్కో జవాబు ఒక్కో కారణం వైపు చూపిస్తుంది. అది ఎందుకో తెలియాలంటే కంప్యూటర్ శబ్దాన్ని ఎలా వినిపిస్తుందో కొంచెం చూడాలి.

డిజిటల్ ధ్వని అంటే అంకెల వరుస. సీడీలో ఒక్కో చానెల్‌కు సెకనుకు 44,100 అంకెలు, వీడియోల్లో మామూలుగా 48,000. ఒక్కో అంకెను శాంపిల్ అంటారు. సౌండ్ కార్డులో ఉండే గడియారం తాళం తప్పకుండా ఒక్కో శాంపిల్‌నీ తీసుకుని విద్యుత్ తరంగంగా మారుస్తూ పోతుంది. ప్రాసెసర్ మాత్రం అలా ఒక్కొక్కటిగా అందించదు. వందల శాంపిళ్లను ఒకేసారి తయారుచేసి బఫర్ అనే చిన్న జాగాలో పెట్టేసి వేరే పని చూసుకుంటుంది. ఆ జాగా ఖాళీ అయ్యేలోపు మళ్లీ వచ్చి నింపాలి.

పెళ్లి భోజనాల పంక్తిని తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. విస్తరి ముందు కూర్చున్న మనిషి ఒకే వేగంతో తింటున్నాడు. వడ్డించే మనిషి పంక్తంతా తిరగాలి. ఇతని దగ్గరికి వచ్చినప్పుడు ఎంత వడ్డించాడో, మళ్లీ వచ్చేదాకా అదే ఆధారం. వడ్డించే మనిషికి మొత్తంమీద బోలెడు తీరిక ఉండొచ్చు. కానీ దారిలో ఎవరో ఒక్కసారి చెయ్యి పట్టుకుని ఆపితే, ఆ కాసేపట్లో ఇక్కడ విస్తరి ఖాళీ అయిపోతుంది. సౌండ్ కార్డుకు అలా తిండి అందని స్థితిని అండర్‌రన్ అంటారు. లైనెక్స్ వాడేవాళ్లకు ఇది ఎక్స్‌రన్ అనే పేరుతో బాగా పరిచయం.

అండర్‌రన్ ఒక మిల్లీసెకను మాత్రమే ఉన్నా చెవి పట్టేస్తుంది. తరంగం సాఫీగా పైకీ కిందకీ ఊగుతూ వస్తుండగా హఠాత్తుగా సున్నాకు పడిపోతుంది, లేదా ఒక విలువ నుంచి మరో విలువకు దూకుతుంది. సాఫీగా ఊగే తరంగంలో కొన్ని స్వరాలే ఉంటాయి. నిట్టనిలువుగా తెగిన తరంగంలో మాత్రం బొంగురు నుంచి కీచు దాకా అన్ని పౌనఃపున్యాలూ ఒకేసారి ఉంటాయి. అందుకే అది ఏ వాద్యంలోనూ కలవకుండా విడిగా, చిటికె వేసినట్టు వినిపిస్తుంది.

ప్రాసెసర్ ఖాళీగానే ఉంది కదా!

ఈ సమస్య ఉన్నవాళ్లు తరచూ అనే మాట ఇది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ వాడకం ఐదు శాతం, పది శాతం. మరి శబ్దం ఎందుకు తెగుతోంది? టాస్క్ మేనేజర్ చూపించేది మామూలుగా ఒక సెకను మీద సగటు. 48,000 లెక్కన 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.67 మిల్లీసెకన్లు. 512 అయితే 10.67, 1024 అయితే సుమారు 21 మిల్లీసెకన్లు. సెకనులో 5 మిల్లీసెకన్ల పాటు ప్రాసెసర్ ఆడియోను పట్టించుకోకపోతే సగటులో అది అర శాతం. గ్రాఫులో కనిపించనే కనిపించదు. కానీ 128 శాంపిళ్ల బఫర్ ఆ లోపు దాదాపు రెండుసార్లు ఖాళీ కావాల్సిన సమయం అది. కంప్యూటర్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నదానితో ఆడియోకు పెద్దగా పని లేదు. ఎప్పుడూ ఆలస్యం చేయకపోవడమే దానికి కావాలి. ఖరీదైన గేమింగ్ లాప్‌టాప్ కూడా చిటపటలాడుతుందంటే కారణం ఇదే. ఇది అర్థమైతే అనవసరపు ఖర్చు చాలా తప్పుతుంది.

అలా చెయ్యి పట్టుకుని ఆపేది ఎవరు? విండోస్‌లో చాలాసార్లు ఏదో ఒక డ్రైవర్. హార్డ్‌వేర్ పరికరానికి ప్రాసెసర్‌తో పని పడ్డప్పుడు అది ఇంటరప్ట్ పంపుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి దాన్ని చూసి, మిగతా పనిని డీపీసీ అనే వరుసలో పెడుతుంది. మామూలు ప్రోగ్రాములన్నింటి కంటే, ఆడియో ప్రోగ్రాము కంటే కూడా, ఈ వరుసకే ముందు చోటు. ఒక డీపీసీ 100 మైక్రోసెకన్లకు మించి నడవకూడదని మైక్రోసాఫ్ట్ డ్రైవర్లు రాసేవాళ్లకు చెబుతుంది. అంటే మిల్లీసెకనులో పదో వంతు. ఏదో ఒక డ్రైవర్ ఆ హద్దు దాటి రెండు మూడు మిల్లీసెకన్లు తీసుకుంటే చిన్న బఫర్ ఖాళీ అయిపోతుంది. చప్పుడు సౌండ్ కార్డు నుంచి వస్తుంది, తప్పు వై-ఫై డ్రైవర్‌దో, గ్రాఫిక్స్ డ్రైవర్‌దో అవుతుంది. సౌండ్ డ్రైవర్‌ను ఎన్నిసార్లు మార్చినా ఫలితం లేకపోవడానికి ఇది ముఖ్య కారణం.

ఈ దోషిని పట్టుకోవడానికి రెస్‌ప్లెండెన్స్ అనే సంస్థ ఇచ్చే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాము ఉంది. పాట పెట్టి, దీన్ని పక్కన పది పదిహేను నిమిషాలు నడవనివ్వాలి. ఏ డ్రైవర్ ఎక్కువసేపు ప్రాసెసర్‌ను పట్టుకుందో ఇది చూపిస్తుంది. ఎన్‌డీఐఎస్ పేరు పైన కనిపిస్తే నెట్‌వర్క్ వైపు, ఎన్‌వీడియా డ్రైవర్ పేరో డైరెక్ట్‌ఎక్స్ కెర్నెల్ పేరో ఉంటే గ్రాఫిక్స్ వైపు, స్టోర్‌పోర్ట్ ఉంటే డిస్కుల వైపు, ఏసీపీఐ ఉంటే బ్యాటరీ, పవర్ నియంత్రణ వైపు చూడాలి. ఒక జాగ్రత్త: ఇక్కడ కనిపించే పేరు అన్నిసార్లూ అసలు దోషిది కాదు. ఎన్‌డీఐఎస్ విండోస్‌లో భాగం. దాని ద్వారా పనిచేసే వై-ఫై కార్డు డ్రైవరే చాలాసార్లు కారణం. కాబట్టి పేరు చూసిన వెంటనే వై-ఫై ఆపేసి కేబుల్ మీదనో, నెట్ లేకుండానో అదే పాట విని చూడాలి. చప్పుడు ఆగిపోతే దోషి దొరికినట్టే. ఆగకపోతే వై-ఫై మళ్లీ ఆన్ చేసి, డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్, కెమెరా, కార్డ్ రీడర్ లాంటివి ఒక్కొక్కటిగా డిసేబుల్ చేస్తూ వినాలి. ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. డిస్కులు, ప్రాసెసర్, డిస్‌ప్లే జోలికి మాత్రం వెళ్లకూడదు.

డ్రైవర్‌ను కొత్తదానికి మార్చాక కూడా తేడా లేకపోతే, లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైట్‌లో ఉన్న పాత డ్రైవర్ వేసి చూడటంలో తప్పు లేదు. బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాము) అప్‌డేట్ వల్ల ఏసీపీఐ సంబంధమైన ఆలస్యాలు తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. సౌండ్ డ్రైవర్ మీదే అనుమానం ఉంటే, దాని స్థానంలో విండోస్‌తో పాటే వచ్చే హై డెఫినిషన్ ఆడియో డివైస్ డ్రైవర్‌ను ఎంచుకుని చూడవచ్చు. విండోస్ 11 సౌండ్ సెట్టింగుల్లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయడం కూడా ఒక నిమిషం పని. శబ్దానికి మెరుగులు దిద్దే ఆ ప్రోగ్రాములూ ఈ బఫర్ సమయంలోనే తమ పని ముగించాలి మరి.

బఫర్ పెంచడం సంగతి. సంగీతం రికార్డు చేసే ప్రోగ్రాముల్లో బఫర్ సైజు సెట్టింగు ఉంటుంది. ముందే ఎక్కువ వడ్డించి వెళితే, వడ్డించే మనిషి కాస్త ఆలస్యంగా వచ్చినా ఇబ్బంది ఉండదు. కానీ ఇప్పుడు కొత్తగా ఏది వడ్డించినా, విస్తట్లో ఉన్నది అయ్యాకే దాని వంతు. సంగీతం వాయించే కీబోర్డు మీద నొక్కిన స్వరం ఆలస్యంగా వినిపించేది ఇందుకే. కాబట్టి పాడేటప్పుడు, వాయించేటప్పుడు 128 లేదా 256, తర్వాత కూర్చుని మిక్సింగ్ చేసేటప్పుడు 1024 పెట్టుకోవడం సబబు. ఊరికే పాటలు వినేవాళ్లకు ఆలస్యంతో ఏ నష్టమూ లేదు, వాళ్లకు బఫర్ ఎంత పెద్దదైతే అంత హాయి. రోజంతా 64 శాంపిళ్ల మీద నడిపి, చిటపటలంటూ బాధపడటంలో అర్థం లేదు.

లైనెక్స్‌లో ఇప్పుడు ఎక్కువ డిస్ట్రిబ్యూషన్లలో (లైనెక్స్ రకాల్లో) శబ్దాన్ని పైప్‌వైర్ అనే ప్రోగ్రాము నడుపుతోంది. వాటిలో ఒకటైన ఫెడోరా 2021లో తన 34వ వెర్షన్‌తో దీన్ని డిఫాల్ట్ చేసింది. పైప్‌వైర్‌లో ఈ బఫర్‌ను క్వాంటమ్ అంటారు, మామూలుగా 1024 ఉంటుంది. టెర్మినల్‌లో పీడబ్ల్యూ-టాప్ నడిపితే ఏ ప్రోగ్రాముకు ఎన్ని ఎక్స్‌రన్లు వచ్చాయో ఎర్రర్ల వరుసలో అంకె పెరుగుతూ కనిపిస్తుంది. చెవికి వినపడిన చప్పుడూ, ఆ అంకె పెరగడమూ ఒకేసారి జరిగితే ఇది బఫర్ సమస్యేనని రూఢి. చప్పుడు వస్తున్నా అంకె కదలకపోతే కారణం మరోచోట ఉంది. ఇంత సూటిగా జవాబిచ్చే సాధనం ఉండటం పెద్ద సౌకర్యం. ఆలస్యాలకు గట్టి హద్దు పెట్టే రియల్‌టైమ్ మార్పులు కూడా సుమారు ఇరవై ఏళ్లు విడిగా పెరిగి, 2024లో వచ్చిన 6.12 వెర్షన్‌తో లైనెక్స్ కెర్నెల్ అనే మూల ప్రోగ్రాములోనే కలిశాయి.

పాట మొదలైనప్పుడు, ఆగినప్పుడు

చప్పుడు పాట మధ్యలో ఎప్పుడూ రాకుండా, మొదలయ్యే క్షణంలోనూ, ఆగిన కొన్ని సెకన్లకూ మాత్రమే టప్‌మని వస్తుంటే బఫర్‌తో సంబంధం లేదు. సౌండ్ చిప్ నిద్రపోతోంది, మేల్కొంటోంది. బ్యాటరీ ఆదా కోసం, శబ్దం లేని కొన్ని సెకన్ల తర్వాత చిప్‌కు కరెంటు తగ్గించేస్తారు. మళ్లీ ఇచ్చినప్పుడు సర్క్యూట్‌లోని కెపాసిటర్లు నిండుతూ ఒక వోల్టేజీ దూకుడు స్పీకర్ దాకా వెళుతుంది. మెసేజ్ వచ్చిన ప్రతిసారీ నోటిఫికేషన్ శబ్దం కంటే ముందు టప్‌మనేది ఇదే.

దీన్ని నిర్ధారించుకునే పద్ధతి తేలిక. వాల్యూమ్ బాగా తగ్గించిన ఒక వీడియోను బ్రౌజర్‌లో నడుస్తూ ఉండనివ్వాలి. బ్రౌజర్ మ్యూట్ చేస్తే కొన్నిసార్లు ఆడియో పంపడమే మానేస్తుంది కాబట్టి మ్యూట్ చేయకుండా, వీడియో ప్లేయర్‌లో వాల్యూమ్‌ను సున్నాకు ఒక గీత పైన ఉంచడం మేలు. అలా ఉన్నంతసేపూ టప్ చప్పుడు రాకపోతే కారణం చిప్ నిద్రే. లైనెక్స్‌లో ఇంటెల్ హెచ్‌డీఏ సౌండ్ మాడ్యూల్‌కు పవర్ సేవ్ విలువ 0 అని పెడితే ఆ నిద్ర ఆగుతుంది. విండోస్‌లో యూఎస్‌బీ స్పీకర్లు, హెడ్‌సెట్లు అయితే పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపి చూడాలి. విడిగా ఆంప్లిఫైయర్ ఉన్నవాళ్లు సౌండ్ సిస్టమ్ నడిపేవాళ్ల పాత పద్ధతి పాటిస్తే స్పీకర్లకు క్షేమం: ఆన్ చేసేటప్పుడు ఆంప్లిఫైయర్ అన్నిటికంటే చివర, ఆఫ్ చేసేటప్పుడు అన్నిటికంటే ముందు.

గడియారం పెట్టి చూస్తే దొరికేవి

చప్పుడు సరిగ్గా మూడున్నర నిమిషాలకోసారి, లేదా ఇరవై సెకన్లకోసారి, లెక్క తప్పకుండా వస్తోందా? అయితే రెండు గడియారాలు సరిపడటం లేదు. సౌండ్ కార్డులో ఒక క్వార్ట్జ్ గడియారం, శబ్దం పంపే పరికరంలో మరొకటి. రెండూ 48,000 అనే చెబుతాయి, కానీ ఏ రెండు క్వార్ట్జ్ ముక్కలూ అచ్చంగా ఒకేలా కొట్టుకోవు. పది లక్షలకు 50 వంతుల తేడా ఉందనుకుంటే సెకనుకు 2.4 శాంపిళ్లు తరుగుతాయి. 512 శాంపిళ్ల బఫర్ 213 సెకన్లలో అయిపోతుంది. అదే ఆ మూడున్నర నిమిషాలు. రెండు ఆడియో పరికరాలను డిజిటల్ కేబుల్‌తో కలిపినప్పుడు, ఒకదాని మైకు, ఇంకోదాని స్పీకరు కలిపి వాడుతున్నప్పుడు ఇది ఎక్కువ. ఒక పరికరాన్ని రెండోదాని గడియారం అనుసరించేలా సెట్ చేయడమే దీనికి మందు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ ఒకే పరికరం మీద పెట్టుకున్నా సరిపోతుంది. బఫర్ పెంచితే చప్పుడు పోదు, ఆలస్యంగా వస్తుందంతే.

గడియారాలు ఎంత దూరం నుంచి వచ్చి శబ్దాన్ని చెడగొడతాయో చెప్పే మంచి ఉదాహరణ ఆపిల్ కంప్యూటర్లది. 2018లో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రో, మ్యాక్‌బుక్ ఎయిర్, మ్యాక్ మినీలలో టీ2 అనే చిప్ ఉండేది. వాటికి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ తగిలించి పనిచేసే సంగీతకారులకు మధ్యమధ్య టక్‌మనే చప్పుళ్లు, క్షణకాలం శబ్దం తెగిపోవడం ఎదురయ్యాయి. వాడేవాళ్లే ఒక చిట్కా కనిపెట్టారు: తేదీ, సమయం ఆటోమేటిక్‌గా సరిచేసుకునే సెట్టింగు ఆపేయడం. ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకుని గడియారాన్ని సరిదిద్దే ఆ చిన్న పనికీ, పాటలో చప్పుడుకీ లంకె ఉందని మొదట వింటే ఎవరూ నమ్మరు. 2019 మార్చిలో మ్యాక్‌ఓఎస్ 10.14.4 అప్‌డేట్‌తో ఆపిల్ ఆ మోడళ్లలో యూఎస్‌బీ ఆడియో పనితీరును మెరుగుపరిచింది. సౌండ్ సెట్టింగులు మాత్రమే చూస్తూ కూర్చున్నవాళ్లకు ఈ కారణం ఎప్పటికీ దొరికేది కాదు.

యూఎస్‌బీకి మరో గుణం కూడా ఉంది. పెన్‌డ్రైవ్‌లోకి ఫైల్ కాపీ చేసేటప్పుడు దారిలో డేటా చెడితే కంప్యూటర్ మళ్లీ పంపుతుంది. యూఎస్‌బీ ఆడియో సాధారణంగా వాడే ఐసోక్రోనస్ పద్ధతిలో అలా మళ్లీ పంపడం ఉండదు, సమయం దాటిన శబ్దం వచ్చినా పనికిరాదు కదా. చెడిన ముక్క చెడినట్టే పోతుంది. అందుకే మౌస్, హార్డ్‌డిస్కు బాగానే పనిచేస్తున్న చవక హబ్ మీదే ఆడియో పరికరం చిటపటలాడవచ్చు. హబ్ తీసి నేరుగా కంప్యూటర్ వెనక పోర్టుకు పెట్టి, పొట్టి కేబుల్‌తో చూడాలి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో తెగుడు మరో రకం. బ్లూటూత్ ఎప్పుడూ, వై-ఫై చాలాసార్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే తిరుగుతాయి. దానికి తోడు యూఎస్‌బీ 3.0 పరికరాలు, కేబుళ్లు అదే ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు నుంచి కాపీ జరుగుతున్నప్పుడే హెడ్‌ఫోన్లు తెగుతున్నాయంటే అనుమానం అక్కడ పెట్టుకోవాలి. బ్లూటూత్ డాంగిల్‌ను ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రెండడుగులు దూరం జరిపినా, వై-ఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చినా చాలాసార్లు సరిపోతుంది.

నెట్ స్లోగా ఉంది కాబట్టి చిటపటలు వస్తున్నాయని అనుకోవడం మాత్రం ఎక్కువగా పొరపాటే. వీడియో సైట్లు కొన్ని సెకన్లకు సరిపడా ముందే తెచ్చుకుంటాయి. నెట్ అందకపోతే వీడియో ఆగి చక్రం తిరుగుతుంది, టక్‌మనదు. లైవ్ కాల్స్‌లో అంత ముందుగా తెచ్చుకునే వీలు లేదు, అక్కడ గొంతు తెగుతుంది, రోబో మాట్లాడినట్టు అవుతుంది. ఆ వినికిడి వేరు.

చార్జర్ తీసి వినడం

లాప్‌టాప్ ఉన్నవాళ్లు తప్పకుండా చేయాల్సిన పరీక్ష ఇది, ఖర్చు లేదు. చార్జర్ తీస్తే చప్పుడు పెరిగితే కారణం పవర్ ఆదా: ప్రాసెసర్ వేగం తగ్గించుకుని, నిద్రలోకి జారి, సమయానికి మేల్కోవడం లేదు. పవర్ మోడ్ మార్చి చూడాలి. చార్జర్ తీస్తే చప్పుడు పోతే కారణం కరెంటు వైపు. ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయినప్పుడు, ట్యూబ్‌లైట్ వేసినప్పుడు టప్‌మనడం, వెనకాల ఆగకుండా గుయ్‌మనే హోరు ఉండటం దానికి గుర్తులు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, ఆ హోరు 50లోనూ 100లోనూ వినిపిస్తుంది. మౌస్ కదిపితే సన్నని కీచు వచ్చినా, గ్రాఫిక్స్ భారం పెరిగితే ఆ కీచు మారినా అదీ విద్యుత్ రొదే.

స్పీకర్లు, కంప్యూటర్ వేర్వేరు గోడ సాకెట్ల నుంచి ఎర్త్ తీసుకుంటుంటే రెంటి మధ్య ఒక వలయం ఏర్పడి ఈ రొద ఆడియో కేబుల్‌లోకి వస్తుంది. రెంటినీ ఒకే మంచి స్ట్రిప్‌కు పెట్టడం మొదటి మెట్టు. పోకపోతే ఆడియో కేబుల్ మధ్యలో పెట్టే చిన్న గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ దొరుకుతుంది. హోరు పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయడం, మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో దూర్చడం అక్కడక్కడా చూస్తాం. దయచేసి అలా చేయవద్దు. ఆ పిన్ను షాక్ నుంచి ప్రాణం కాపాడటానికి ఉంది. ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం ఆ హోరు కంటే ముఖ్యమైన పని.

జాక్ పిన్ను తిప్పితే చరచరమంటే మురికి పట్టిందని అర్థం, కాంటాక్ట్ క్లీనర్ చాలు. పాటలో గట్టిగా వాయించే చోట మాత్రమే పగిలినట్టు వస్తే అది క్లిప్పింగ్. డిజిటల్‌లో గరిష్ఠ విలువకు పైన ఇంక అంకె లేదు, తరంగం తల తెగుతుంది. ప్లేయర్‌లో వాల్యూమ్ 100 శాతం దాటించి, ఈక్వలైజర్‌లో బాస్ పైకెత్తి పెట్టడమే చాలాసార్లు కారణం. అక్కడ తగ్గించి స్పీకర్ దగ్గర పెంచుకోవాలి.

ఇక ప్రతిసారీ పాటలో అదే చోట, ఫోన్లో విన్నా అదే చోట చప్పుడు వస్తే కంప్యూటర్‌లో వెతకడం వృథా. అది ఫైల్లోనే ఉంది. ఎడిటింగ్‌లో తరంగాన్ని సున్నా దగ్గర కాకుండా మధ్యలో తెగ్గొట్టి అతికితే ఇలాగే అవుతుంది. అతుకు దగ్గర ఐదు పది మిల్లీసెకన్ల ఫేడ్ పెడితే పోతుంది. ఆడాసిటీలో రిపేర్ అనే సాధనం 128 శాంపిళ్ల దాకా ఉన్న చిన్న గాయాన్ని చుట్టుపక్కల తరంగాన్ని బట్టి పూడుస్తుంది.

ఇళ్లలో అటక మీద ఉన్న పాత గ్రామఫోను రికార్డులను, పద్యనాటకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటున్నవాళ్లకు ఈ సంగతి బాగా పనికొస్తుంది. ఎక్కించిన ఫైల్లో టక్ టక్‌మంటుంటే స్టాప్‌వాచ్ పట్టుకుని వినాలి. లాంగ్ ప్లే రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు 1.8 సెకన్లు. పాత 78 చుట్ల రికార్డుకు 0.77 సెకను. టక్ సరిగ్గా ఆ వ్యవధిలోనే వస్తుంటే రికార్డు మీద అడ్డంగా గీత పడి ఉందని అర్థం, ముల్లు ప్రతి చుట్టులోనూ దాన్ని దాటుతోంది. ఆ వ్యవధికి పొంతన లేకుండా చిటపటలు వస్తుంటే రికార్డు మీద దుమ్మైనా కావాలి, ఎక్కించేటప్పుడు బఫర్ తెగి ఉండైనా ఉండాలి. తేల్చుకోవడానికి అదే భాగాన్ని రెండోసారి ఎక్కించి పోల్చడం ఒక్కటే దారి. రెండింటిలోనూ అదే చోట ఉంటే రికార్డును మెత్తగా శుభ్రం చేసి మళ్లీ ప్రయత్నించాలి. వేర్వేరు చోట్ల ఉంటే బఫర్ 1024కు పెంచి, వై-ఫై ఆపి, ఆ రికార్డును ఇంకొక్కసారి మొదటి నుంచి ఎక్కించుకోవాలి. క్లిక్ రిమూవల్ లాంటి ఫిల్టర్లు వాడేది ఆ తర్వాతే, అదీ ఒక కాపీ మీద. గట్టిగా వాడితే అవి గీతలతో పాటు మృదంగం దరువు మొదటి అంచును కూడా చెరిపేస్తాయి.